బొంత కప్పిన పానెల్

2023 ఏప్రిల్. దర్శి ఇంకా కాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన ఒక మిరపకాయల మిల్లు ఉంది. ఆ మిల్లు వస్తోందని మైలురాయి చెప్పక్కర్లేదు, ముక్కే చెప్తుంది. తుమ్ముతూనే బండి ఆపాను. నాది అద్దంకిలో చిన్న షాపు. మిల్లులకి కంట్రోల్ పానెళ్ళు కడతాను, సోలార్ పెడతాను. ఈ పనిలో ఆడవాళ్ళు తక్కువ కాబట్టి ఎక్కడికెళ్ళినా మొదట "మీ సారు రాలేదా మేడం?" అంటారు. సారు ఇంట్లో పడుకున్నాడు, మేడమే వచ్చింది, చెప్పండి అంటాను.

ఆ మిల్లు మస్తాన్‌బీ అక్కది. భర్త పోయాక మూతపడబోయిన పిండిమరని ఎండుమిరప మిల్లుగా మార్చి నిలబెట్టిన మనిషి. ఆ ఏడాదే అప్పోసొప్పో చేసి కలర్ సార్టర్ కొంది. ఎర్రటి కాయల్లోంచి తెల్లబడ్డ తాలు కాయల్ని కెమెరాతో చూసి, గాలి కొట్టి పక్కకి ఎగరేసే మెషీన్ అది. మిల్లు కప్పు మీద సోలార్ పెట్టింది నేనే. అందుకే ఆ రోజు ఫోనులో ఆవిడ గొంతు వినగానే ఉన్నపళంగా బండి తీశాను.

"పద్మమ్మా, మధ్యాహ్నమయితే మిషన్ ఆగిపోతోంది. ఎల్లుండి గుంటూరు నుంచి బయ్యర్ వస్తున్నాడు. ఆయన కళ్ళ ముందర తాలు ఏరి చూపించాలంట. నచ్చితే ఈ సీజనంతా మన దగ్గరే కాయ పోయిస్తాడు. ఆగితే మాత్రం అంతే సంగతులు, మిల్లు అమ్ముకోవడమే."

నేను వెళ్ళేసరికి ఆవిడ మరిది సుభాని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి, మనసులో ఏదీ దాచడు.

"చూడండి మేడం, సోలార్ రాకముందు ఈ గోల ఉందా? ఎండ ముదిరేసరికి ఆగుతోందంటే, సోలారే కదా కారణం?"

"ఏవండీ, సోలార్ పెట్టిన నెల్లోనే మిషనూ వచ్చింది. అంతకుముందు మిషనే లేదు, ఇంకెలా ఆగుతుంది?" అన్నాను.

"అదేలెండి" అన్నాడు గానీ, మొహంలో నమ్మకం లేదు. నాకు రోషం వచ్చేసింది. సోలార్ మెయిన్ ఆఫ్ చేసి, మిల్లుని మొత్తం బయటి కరెంటు మీద పెట్టాను. ఇప్పుడు కాయ పోయండి అన్నాను. పోశారు. మెషీన్ టకటకా ఆడింది, ఆడింది, ఠప్పున ఆగింది. స్క్రీన్ నల్లబడిపోయింది.

"చూశారా! మా సోలార్ నిద్రపోతుంటే కూడా ఆగింది!" అని చప్పట్లు కొట్టాను. మెషీన్ ఆగితే చప్పట్లు కొట్టే పిచ్చిది ఎవరా అని కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళంతా పని ఆపి నన్నే చూశారు.

సోలార్ తప్పు కాదని తేలింది. మరి ఎవరిది? మస్తాన్‌బీ అక్క మెల్లగా ఒక మాట అంది. "ఊరికే ఆగదమ్మా. తాలు ఎక్కువున్న కాయ పోస్తేనే ఆగుతుంది. దానికి తాలంటే పడదు."

"మిషన్‌కి తాలంటే అలర్జీ అంట!" అని సుభాని నవ్వాడు.

నేను మాత్రం నవ్వలేదు. ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఎందుకంటే ఒక్కో తాలు కాయని ఎగరగొట్టడానికి లోపల ఒక్కో గాలి వాల్వు తెరుచుకోవాలి. తాలు ఎక్కువైతే వాల్వులన్నీ ఒకేసారి కొట్టుకుంటాయి, అప్పుడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి. ఆ కరెంటు ఇచ్చే పెట్టెకి ఊపిరి చాలడం లేదన్నమాట.

ఆ పెట్టెని మేం ఎస్‌ఎంపీఎస్ అంటాం, సప్లై అని కూడా. లైన్లో వచ్చేది 230 ఓల్టుల ఏసీ. మెషీన్ లోపలి కెమెరాలూ వాల్వులూ నడిచేది 24 ఓల్టుల డీసీ మీద. దాన్ని దీనిగా మార్చి ఇచ్చేదే ఎస్‌ఎంపీఎస్. లక్షలు పోసి మెషీన్ కొంటారు, ఈ పెట్టె దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏదో ఒకటిలే అంటారు. దాని మీదే కదా మెషీన్ ప్రాణం!

"ఆ పెట్టె ఉండే కంట్రోల్ పానెల్ ఎక్కడుందక్కా?"

చూపించింది. పాత పిండిమర వెనక, రేకుల కింద, పడమటి గోడకి ఆనించి ఉంది పానెల్. దాని చుట్టూ మెత్తటి బొంత. పాత చీరల్ని పొరలు పొరలుగా వేసి, సన్నటి కుట్లతో కుట్టిన బొంత. పైన తాడుతో గట్టిగా కట్టి ఉంది.

"ఇదేంటక్కా?"

"ఘాటు లోపలికి పోకుండా కప్పానమ్మా. ఇక్కడ అందరూ గోనెపట్టాలు కప్పుతారు. గోనెలోంచి కారం పోతుంది కదా, అందుకని నేను బొంత కప్పాను. మా అత్తగారు కుట్టింది."

తప్పని ఎలా అంటాం? కారం పొడి పానెల్లోకి పోతే జిడ్డుగా సర్క్యూట్లకి అంటుకుని, తేమ పట్టి, ఉన్నవన్నీ కాల్చేస్తుంది. మా వైపు మిల్లుల్లో అందరికీ అది తెలుసు, అందుకే కప్పుతారు. కానీ ఆ బొంత లోపల చెయ్యి పెడితే నా వేళ్ళు చుర్రుమన్నాయి.

సుభాని తను కొన్న పెట్టె మీద లేబుల్ చూపించాడు. "పది యాంప్స్ అని రాసే ఉంది కదా మేడం. మిషన్‌కి పదికి లోపే చాలంట. మరింకేంటి?"

"పది యాంప్స్ ఎక్కడ ఇస్తానంటోందో చూశారా? చల్లటి గదిలో. ఇక్కడ రేకుల కింద, బొంత లోపల ఆ పది ఎక్కడి నుంచి తెస్తుంది పాపం?"

వేడి పెరిగేకొద్దీ సప్లై ఇవ్వగలిగింది తగ్గిపోతుంది. దాన్నే డిరేటింగ్ అంటారు. మే నెల ఎండలో మనిషి మాత్రం జనవరిలో చేసినంత పని చేస్తాడా? మంచి సప్లై అయితే ఏ వేడికి ఎంత ఇస్తుందో గీత గీసి చూపిస్తారు. సుభాని తెచ్చినదాని కాగితంలో అసలు ఆ గీతే లేదు. పైగా అది లాగిన కరెంటులో కొంత భాగాన్ని వేడిగా మార్చి అక్కడే వదిలేస్తోంది. అంటే బొంత కప్పి, లోపల బల్బు వెలిగించినట్టే.

మీటరు పెట్టి, తాలు కాయ మళ్ళీ పోయించాను. ఇరవై నాలుగు దగ్గరున్న ముల్లు వాల్వులు కొట్టుకోగానే జారింది, జారింది, మెషీన్ ఆగింది. సుభాని నా పక్కనే వంగి చూస్తున్నాడు. "ఓరి దీన్దుంప తెగ!" అన్నాడు. ఆ మాటతో మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

అద్దంకి పరుగెత్తాను. షాపులో ఒక్కో డబ్బా తీసి కాగితాలు చదువుతుంటే, చీరల కొట్లో కూర్చున్నంత సంబరంగా ఉంది నాకు. ఒకటి చవక, కానీ వేడికి కుంగుతుంది. ఇంకొకటి వేడికి ఆగుతుంది గానీ ఒక్కసారిగా లాగితే అదనంగా ఇవ్వలేదు. చివరికి నా చేతికి తగిలింది! అరవై డిగ్రీల వేడిలోనూ లేబుల్ మీద రాసినంతా ఇచ్చేది. తీసుకున్న కరెంటులో నూటికి తొంభై నాలుగు వంతులు పనికే ఇచ్చి, కాస్తే వేడిగా వదిలేది. లోపలి సర్క్యూట్ మీద పల్చటి పూత ఉంది, కాబట్టి పొడి పడ్డా అంటదు. పదికి బదులు ఇరవై యాంప్స్‌ది తీసుకున్నాను. సగం బరువే మోస్తే అలసట ఉండదు కదా!

మర్నాడు కొత్త సప్లై వేసి, పానెల్‌ని రేకుల కిందనుంచి తీసి, నీడ పట్టున ఉత్తరపు గోడకి మార్చాను. చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న పెద్ద ఇనప పెట్టెలో బిగించాను. పొడి లోపలికి పోదు, పెట్టె ఒంటి నుంచే వేడి బయటికి పోతుంది. బొంత మడిచి అక్క చేతిలో పెట్టాను. "ఇక దీంతో పనిలేదు. కప్పారంటే మాత్రం ఊరుకోను!" అన్నాను. "అలాగేనమ్మా" అంది ఆవిడ. ఎంత బుద్ధిగా అందో!

బయ్యర్ వచ్చిన రోజు నేనూ వెళ్ళాను. ఆయన సన్నగా, నవ్వకుండా ఉన్నాడు. మంచి కాయ చూపిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. "మంచి కాయ ఎవరైనా ఏరతారమ్మా. ఆ మూలనున్న తాలు బస్తా పోయండి."

మిట్టమధ్యాహ్నం. నేను ధీమాగా పానెల్ వైపు చూశాను. పానెల్ మీద బొంత! తాడుతో సహా!

అరుద్దామంటే పక్కనే బయ్యర్. తీద్దామంటే ఏమిటది అని అడుగుతాడు. అప్పటికే బస్తా కుమ్మరించేశారు. వాల్వులు ఒక్కసారిగా అందుకున్నాయి. టర్ర్‌ర్ర్... తాలు కాయలు తెల్లటి జల్లులా ఒక పక్కకి, ఎర్రకాయ ఇంకో పక్కకి. సుభాని నా వైపు చూశాడు, నేను బొంత వైపు చూశాను. బస్తా సగమైంది. ఆగలేదు. బస్తా ఖాళీ అయింది. ఆగలేదు! ఇంకోటి పోయండి అన్నాడు బయ్యర్. అదీ అయింది. ఆయన ఎర్రకాయలో చెయ్యి పెట్టి కలిపి చూశాడు. మొదటిసారి నవ్వాడు.

"సోమవారం లారీ పంపిస్తానమ్మా" అన్నాడు.

తొడిమలు తీసే ఆడవాళ్ళు కేకలు పెట్టారు. సుభాని "వదినా!" అని అరిచి, ఏం చెయ్యాలో తెలియక గుమ్మం దగ్గర నిలబెట్టిన నా బండి హారన్ కొట్టాడు. నాకైతే కళ్ళ నీళ్ళు ఆగలేదు, సగం సంతోషం, సగం ఘాటు.

బయ్యర్ కారు మలుపు తిరిగాక మస్తాన్‌బీ అక్క మీద విరుచుకుపడ్డాను. "ఏమక్కా! కప్పొద్దని చెప్పానా లేదా?"

ఆవిడ తలొంచుకుంది. "కొత్తది కదమ్మా. ఇవాళ అంత కాయ ఆడుతుంది, ఘాటెక్కువ. దానికేమన్నా అవుతుందేమోనని మనసు ఒప్పలేదు."

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. బొంత కింద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. చుర్రుమనలేదు.

అప్పటినుంచి మిల్లు వాళ్ళు సప్లై కావాలని ఫోన్ చేస్తే, ఎన్ని ఓల్టులు, ఎన్ని యాంప్స్ అని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది ఒకటే, దాని మీద ఏం కప్పుతారు? మొన్న కనిగిరి వైపు పత్తి మిల్లాయన ఈ ప్రశ్నకి గట్టిగా నవ్వాడు. "ఏం కప్పుతాం మేడం, ఏమీ కప్పం" అన్నాడు. మళ్ళీ తనే, "దుమ్ము పడకుండా మా ఆవిడ పాత దుప్పటేదో వేస్తుందనుకోండి" అన్నాడు.

ఎండకి కొంత, ఒక్కసారిగా లాగే బరువుకి కొంత మిగులు వదిలి సప్లై ఎంచుకోవాలని పుస్తకాల్లోనే చదువుకున్నాను. మన వాళ్ళ ప్రేమకి కూడా కొంత వదలాలని మాత్రం మస్తాన్‌బీ అక్క బొంతే నేర్పింది. ఆ పత్తి మిల్లాయనకి ఇరవై యాంప్స్‌దే రాసుకున్నాను.