బాపు బాయి, నా సముద్రం

మొన్న నా మనుమరాలు ఫోన్ చేసి, చమురు కంపెనీలో ఉద్యోగం రావాలంటే ఇంజనీరింగులో ఏ బ్రాంచి తీసుకోవాలో రేపటిలోగా చెప్పమంది. వరుసగా పేర్చుకున్న డైరీల్లోంచి నా పద్దెనిమిదో ఏటిది తీశాను గానీ, అందులో ఉన్నది ఆ పిల్లకు చెప్పలేకపోయాను.

మాది బెల్లంపల్లి. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. బాపు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. అటువైపు పెరిగినవాళ్ళకు తెలుసు, ఒంట్లో బాగాలేదని డాక్టరు అన్‌ఫిట్ రాస్తే తండ్రి ఇంట్లో కూర్చోవచ్చు, ఆ నౌకరి కొడుక్కి వచ్చేది. బాపుకు అప్పటికే దగ్గు పట్టుకుంది. నేను ఊఁ అంటే చాలు, కాగితం కదిలేది. సరిగ్గా ఆ వారమే నాకు హైదరాబాదులో కెమికల్ ఇంజనీరింగు సీటు వచ్చింది.

నాకు బాయి అంటే భయం. బడి పిల్లలతో కలిసి ఒకసారి లోపలికి దిగి, తలకు తగిలే కప్పు కింద ఊపిరాడక ఏడ్చినవాణ్ణి. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన మేనమామ బాపు ముందే, "నూనె కంపెనీల నౌకరంటే రాజా బతుకు అల్లుడా, మీ బాపు లెక్క బొగ్గు బుక్కుడు గాదు," అన్నాడు. అవ్వ చేతిలోని చీపురు విసిరేసి, "ఆయిన దగ్గుతుంటే ఇనబడుతలేదార మీకు?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఎటు తిరిగినా గోడే అనిపించింది. చివరికి బాపే, "నువ్వు సదువుకో బిడ్డా. రిటైరయ్యేదాంక ఇంకో తొమ్మిదేండ్లు నేనే దిగుత, ఫికర్ జెయ్యకు," అన్నాడు. నేను కాదనలేదు.

చదువయ్యాక కంపెనీ నన్ను సముద్రం మధ్య చమురు తోడే ఇనుప వేదిక మీదికి పంపింది. చుట్టూ ఎంత ఆకాశమున్నా, నలుగురం ఇరుక్కుని పడుకునే గది, ఇరవై ఎనిమిది రోజులు నిండితేగాని వదలని డ్యూటీ. బాపు షిఫ్టు అయ్యాక రోజూ పైకొచ్చి ఇంట్లో అన్నం తినేవాడు, నాకు ఆ వీలూ లేదు. మానేద్దామనుకున్నప్పుడల్లా, ఆయన దగ్గుకుంటూ దిగుతున్నది నా ఈ ఉద్యోగం కోసమే కదా అని మళ్ళీ హెలికాప్టరెక్కి డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

బాపు చివరిసారి బాయిలోంచి పైకొచ్చిన రోజున దండ వేయడానికి నేను లేను. గాలివానకు నన్ను ఒడ్డుకు చేర్చాల్సిన హెలికాప్టరు రాలేదు. ఆనాటి డైరీ పేజీలో ఆ ఒక్క ముక్కే రాసుకున్నాను. తర్వాత ఆయన రెండు వానాకాలాలు చూశాడు, అంతే.

ఇప్పుడు బొగ్గు చాలావరకు నేలను పైనుంచే తెరిచి, ఆకాశం కిందే తవ్వుతున్నారు. బాపు దిగిన బాయి మూసేసి, మట్టి నింపి, పైన మొక్కలు పెట్టారు. నా కోసం ఆయన తొమ్మిదేళ్ళు ఎక్కువగా దిగిన దారి ఎక్కడుండేదో చూపించమంటే, అక్కడ చూపించగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు.