బొట్టు పెట్టందే హోటల్ ఖాళీ చేయని అమ్మ

మా చిన్నప్పుడు... నాగాయలంక రేవులో పడవ ఎక్కుతున్నాం. నాన్న భుజాన కలంకారీ దుప్పట్ల మూట, అమ్మ చంకలో సున్నుండల డబ్బా. నేనూ చెల్లీ కుదురుగా నిలబడితే ఒట్టు... మేం హోటల్లో ఉండటానికి వెళ్తున్నాం మరి!

మాది పెడన. నాన్నది అద్దకం పని. సముద్రం ఒడ్డున, దీవిలో కొత్తగా కట్టిన ఓ చిన్న హోటల్ వాళ్ళు గదులకి దుప్పట్లు చెప్పారు. "సరుకు తెచ్చేటప్పుడు ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి, గదులు ఖాళీగానే ఉన్నాయి, రెండ్రోజులుండి వెళ్దురుగాని" అన్నారట మేనేజరు గారు. ఏదో మర్యాదకి అన్నారులే అనుకున్నారు నాన్న. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే మినుములు వేయించింది.

"పిలిచినవాళ్ళింటికి ఒట్టి చేతులతో వెళ్తామా?" అంది. అది ఇల్లు కాదు, హోటలే అని నాన్న చెప్పి చూశారు. "హోటలైతే? మనుషులుండరా?" అంది. మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళని నేను చూడలేదు.

దిగీ దిగగానే డబ్బా మేనేజరు గారి చేతిలో పెట్టి, "ఇంట్లో ఆడవాళ్ళకివ్వండి అన్నయ్య గారూ" అంది. ఆయన కుటుంబమేమో బందర్లో ఉంది. పాపం, ఏం చెయ్యాలో తోచక వంటింటి వైపు చూశారు. ఆ హోటల్ మొత్తానికి ఆడమనిషంటే వంట చేసే నాంచారమ్మ గారొక్కరే. వేటకెళ్ళిన భర్త సముద్రం మీంచి తిరిగి రాకపోతే, ఇక్కడ వంటకి కుదిరారట. బోసి నుదురు... నవ్వినా చప్పుడు రాని మనిషి.

ఆ రెండు రోజులూ ఏం చెప్పను! తలుపు తీస్తే సముద్రం. మంచం మీద మా నాన్న అద్దిన నెమళ్ళ దుప్పటి. దాని మీద మమ్మల్ని ఇసక కాళ్ళతో ఎక్కనిస్తేగా... నాన్న కాపలా. పొద్దున్నే లేచి చూస్తే అమ్మ వరండా ఊడ్చి, చెంబుతో నీళ్ళు చల్లి, గది ముందు ముగ్గేసేసింది. హోటల్ గది ముందు ముగ్గు! సముద్రపు గాలికి అది కాస్తా అరగంటలో పక్క గది గుమ్మంలో తేలింది. మధ్యాహ్నానికి అమ్మ వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. సాయంత్రానికి నాంచారమ్మ గారిని "వదినా" అంటోంది. ఆవిడ మాత్రం "అమ్మా" అనే అనేవారు. ఆవిడ చేసిన పీతల పులుసు రుచి నా నాలుకకి ఇంకా గుర్తే... ఆ తర్వాత ఎన్నో చోట్ల తిన్నాను, ఏదీ దాని దరిదాపుల్లోకి రాలేదు. నేను ఒప్పుకోను కూడా.

బయల్దేరే వేళైంది. "నీళ్ళు తీసేస్తన్నయ్యండీ! ఇంకాసేపుంటే పడవ బురదలో కూర్చుంటది, తొరగా రండి!" అని రేవులోంచి పడవాయన కేకలు.

అమ్మ గది గుమ్మం దాటలేదు. "బొట్టు పెట్టకుండా ఎలా కదులుతాం?" అంది.

మా వైపు అంతే... ఇంటికొచ్చిన ఆడమనిషిని ఆ ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టి సాగనంపాలి. పెట్టలేదంటే మళ్ళీ రావద్దన్నట్టే. మా అమ్మకి అంతకన్నా అవమానం లేదు.

"నేను పెట్టొచ్చాండీ?" అన్నారు మేనేజరు గారు, చేతులు నలుపుకుంటూ. నాన్నకి నవ్వొచ్చింది, అమ్మకి రాలేదు. "నాంచారమ్మ వదినా! మమ్మల్ని ఇలాగే పంపించేస్తావా?" అని కేకేసింది.

వంటింటి తలుపు చాటు నుంచి మాటొక్కటే బయటికొచ్చింది. "నేను పెట్టకూడదమ్మా... నీ పసుపు కుంకాలకి మంచిది కాదు. ఎల్లిరండి."

నాన్న గతుక్కుమన్నారు. "పోనీలేవే, పడవ పోద్ది" అని గొణిగారు. అమ్మ వినిపించుకుంటేగా! సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, తిన్నగా వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"రెండ్రోజులు నీ చేతి అన్నం తిన్నాం. నా పిల్లలకి కలిపి తినిపించావు. అన్నం పెట్టిన చేత్తో బొట్టు పెడితే నాకు చెడు జరుగుద్దా? పెట్టు వదినా. నువ్వు పెడితేనే కదుల్తా."

నాంచారమ్మ గారు చెయ్యి కొంగుకి తుడుచుకున్నారు... మళ్ళీ తుడుచుకున్నారు. భరిణెలో వేలు ముంచి అమ్మ నుదుటన పెట్టారు. బొట్టు కాస్త పక్కకి పోయింది. జాకెట్టు ముక్క కూడా పెట్టాలిగా, ఆవిడ దగ్గరేముంది? లోపలికెళ్ళి ఎండు రొయ్యల పొట్లం ఒకటి తెచ్చారు. అమ్మ కొంగు పట్టి అందుకుంది. "మళ్ళీ రా వదినా" అన్నారావిడ. ఇద్దరూ ఏడ్చారు. ఏమీ అర్థం కాకపోయినా నేనూ ఏడ్చాను.

పడవ బురదలో కూర్చోనే కూర్చుంది. నాన్నా మేనేజరు గారూ మోకాళ్ళ లోతు దిగి తోశారు. అమ్మ మాత్రం మహారాణిలా కదలకుండా కూర్చుంది. చెల్లి బొట్టు సరిచెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

మా నాన్న ఇప్పటికీ దుక్కలా ఉన్నారు. ఎవరైనా శకునాలు మాట్లాడితే అమ్మ ఆయన్నే చూపిస్తుంది. ఆ హోటల్ మాత్రం ఎప్పుడో మూసేశారు. నాంచారమ్మ గారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాం. మళ్ళీ రమ్మంటే మేం వెళ్ళనే లేదు... అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మొన్న అమ్మానాన్నల్ని సముద్రం కనిపించే పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళాను. ఖాళీ చేసే రోజు అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. గదులు తుడిచే అమ్మాయి బండి తోసుకుంటూ వస్తుంటే పిలిచి, భరిణె చాపింది. ఆ పిల్ల పైనున్న కెమెరా వైపు చూసి, "సారీ ఆంటీ... గెస్టుల్ని మేం ముట్టుకోకూడదు" అంది, బాధగానే.

అమ్మ వాదించలేదు. భరిణె మూసి సంచిలో పెట్టేసుకుంది.

మిమ్మల్ని ఎవరైనా గుమ్మందాకా వచ్చి, "మళ్ళీ రండి" అని మనసారా సాగనంపారా? అలాంటివాళ్ళుంటే కింద రాయండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.