గోలీ గదికి కిరాయి

ఆదివారం ఆటలో బంతి నా తల మీదుగా వెనక్కి వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ ఒక కేక కోసం నా చెవులు ఎదురుచూస్తాయి. "ఒదిలెయ్ అన్నా!" అనే కేక. అది వినపడగానే నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. వెనక్కి తిరిగి చూసే పని ఉండేది కాదు. బంతి అతని చేతుల్లో పడిన చప్పుడు చాలు. ఇప్పుడూ మా జట్టుకు మంచి గోల్‌కీపరే ఉన్నాడు. ఎత్తైనవాడు, చేతిలో పట్టున్నవాడు. కానీ నోరు విప్పడు. ప్రతిసారీ నేను తిరిగి చూసుకోవలసి వస్తోంది.

ఆ పాత గోల్‌కీపర్‌ను అందరం గోలీ అనేవాళ్లం. ఒడిశా నుంచి వచ్చి, కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద డ్రమ్ములు దొర్లించేవాడు. తెలుగు మైదానంలోనే నేర్చుకున్నాడు. అందుకే అతని తెలుగంతా హుకుం జారీ చేసినట్టే ఉండేది. "ఒదిలెయ్", "ముందుకు పో", "ఎడమ దిక్కు సూడు." చాయ్ కావాలన్నా అదే గొంతు. హోటల్ ఆమె, "జెర మెల్లగ అడుగు బిడ్డా, నేనేమన్న గోల్ కొడ్తున్ననా?" అనేది.

నేను అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పనిచేస్తాను. పదో తరగతితో బడి ఆగింది గాని చదువు ఆగలేదు. సెలవు దొరికితే పటాన్‌చెరు గ్రంథాలయంలో కూర్చుంటాను. చరిత్ర, చట్టం, ఆటలు, చేతికి ఏది అందితే అది. అక్కడ పేపర్లు చూసుకునే ఆయన ఆటల పేజీని నా కోసం విడిగా మడిచి పెడతాడు. గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదంటే అబద్ధం. కొంచెం గొప్ప కోసమే. విదేశాల్లో ఫుట్‌బాల్ క్లబ్బుల ఖర్చుకు హద్దు ఉంటుందని, అది దాటిన క్లబ్బుకు గెలుచుకున్న పాయింట్లు కోసేస్తారని మా మైదానంలో అందరికంటే ముందు తెలుసుకున్నది నేనే.

మా ఆదివారం పోటీలకూ అలాంటి రూలు ఒకటి ఉంది. ఒకప్పుడు ఒక కాంట్రాక్టర్ తన జట్టు కోసం హైదరాబాదు నుంచి డబ్బిచ్చి ఆటగాళ్లను తెప్పించాడు. ఆ ఏడు క్యాంటీన్‌లో వంట చేసేవాళ్ల జట్టు ప్రతి ఆటలోనూ చిత్తుగా ఓడింది. పాపం, పొద్దున ఇడ్లీలు దించి, గంజి మరకల లుంగీలు మార్చుకుని పరుగున వచ్చేవాళ్లు. మరుసటేడు వాళ్లు రాలేదు. వాళ్లు నిలబడే మూల ఖాళీగా కనపడేసరికి మాకే ఏదోలా అయింది. అప్పుడు జట్లన్నీ కలిసి ఒక మాట అనుకున్నాయి. బంతి, బట్టలు, బండి కిరాయి, అంతే జట్టు ఖర్చు. ఏ ఆటగాడికీ డబ్బు ఇవ్వకూడదు, డబ్బు విలువ చేసేదేదీ ఇవ్వకూడదు. తప్పితే పాయింట్లు పోతాయి. ఆ 'డబ్బు విలువ చేసేది' అన్న మాట చేర్పించింది డ్రిల్ సారు. సంగారెడ్డిలో బళ్లో డ్రిల్ మాస్టరుగా చేసి రిటైరైన ఆయనే మాకు రెఫరీ, ఆయనే పెద్ద.

మా జట్టుకు అండ పటేల్. వెలిమెల దిక్కు ఆయన పొలాలు కొన్ని ప్లాట్లయ్యాయి. ఆ డబ్బుతో కాజీపల్లిలో కార్మికుల కోసం వరసగా గదులు కట్టించి కిరాయికిచ్చాడు. ఆట ఎన్నేళ్లు చూసినా ఆఫ్‌సైడ్ మాత్రం ఆయనకు ఎక్కలేదు. "ముందట నిలవడ్డోనికి శిక్షేంది? ముందటున్నోడే గద గోల్ కొట్టేది!" అని గట్టు మీద నుంచి అరిచేవాడు. డ్రిల్ సారు విజిల్ నోట్లో పెట్టుకునే నవ్వేవాడు.

మేము వరసగా గెలుస్తున్న రోజుల్లోనే గోలీ కాంట్రాక్టు ముగిసింది. ఫ్యాక్టరీ లోపలికి రానివ్వలేదు. కొన్నాళ్లు లారీలు నింపే కూలీకి పోయాడు. అది రోజూ దొరకదు. గది కిరాయి కట్టలేక ఊరికి వెళ్లిపోతానన్నాడు. అతని గది కూడా పటేల్ వరసలోనిదే.

సరిగ్గా అప్పుడే పటేల్ మొక్కు తీర్చుకునే రోజు వచ్చింది. జట్టు గెలుస్తూ ఉంటే ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గా భవాని దగ్గర యాటపోతును కోస్తానని మొక్కుకున్నాడట. అందరినీ ట్రాక్టర్‌లో తీసుకెళ్లాడు. వంటలయ్యాక మేమంతా ఒక పక్క కూర్చున్నాం. ఆయన ఇంటివాళ్లు ఒక వరసలో కూర్చున్నారు. గోలీ ఎక్కడ కూర్చోవాలో తెలియక నీళ్ల బిందె దగ్గర నిలబడి ఉంటే పటేల్ భార్య అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన కొడుకు పక్కన కూర్చోబెట్టింది. వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొక్కు తీర్చిన రోజు ఇంటివాళ్ల వరసలో తిన్న మనిషి ఇక ఇంటి మనిషే. అతనితో ఇచ్చిపుచ్చుకునే లెక్కలు ఉండవు. ఆ సాయంత్రం ట్రాక్టర్ దిగేటప్పుడు పటేల్ గోలీతో అన్నాడు. "ఇగ నువ్వు కిరాయి గిరాయి అనకు. మా ఇంటోనివి."

గోలీ ఉండిపోయాడు. ఆ సంతోషంలో మాలో ఒక్కరికీ రూలు గుర్తు రాలేదు. పటేల్‌కైతే అది ఖర్చు అనే ఆలోచనే లేదు. చాయ్ హోటల్లో ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ హోటల్లోనే ఉన్నాడు ఫిట్టర్. పటాన్‌చెరు మెషిన్ షాపు జట్టు కెప్టెన్. పాయింట్ల పట్టికలో మా వెనకే ఉన్న జట్టు అది. పైగా పటేల్ గదుల్లో, గోలీకి పక్క గదిలోనే కిరాయికి ఉంటాడు. అతను డ్రిల్ సారుకు ఫిర్యాదు చేశాడు.

ఆదివారం ఆటలయ్యాక వేపచెట్టు నీడలో అందరం కూర్చున్నాం. గోలీ దూరంగా కంపెనీ గోడ మీద కూర్చున్నాడు. రమ్మంటే రాలేదు.

"పటేలా, గోలీ కిరాయి కడ్తుండా?" అని అడిగాడు ఫిట్టర్.

"గదేం మాట? ఇంటోని దగ్గర కిరాయి తీస్కుంటరా?"

"నేను గూడ నీ గదిలనే, గోలీ గోడకు గోడనే పంటున్న. ఒకటో తారీకు తెల్లారకముందే తలుపు కొడ్తవ్. నన్ను ఎప్పుడు ఇంటోన్ని చేస్తవ్?"

అందరూ పడీ పడీ నవ్వారు. పటేల్ కూడా నవ్వాడు. "నువ్వు జెర గోల్ ఆపుడు నేర్సుకో, అప్పుడు సూద్దాం" అన్నాడు. అన్నాక ఆయనకే తెలిసింది, ఏమన్నాడో. నవ్వు ఆగిపోయింది.

"ఇనిండ్రా సార్?" అన్నాడు ఫిట్టర్ మెల్లగా.

నేను చదువుకుని వచ్చిన మనిషిని. లేచి నిలబడ్డాను. విదేశాల్లో క్లబ్బు యజమాని తన సొంత కంపెనీ నుంచే క్లబ్బుకు డబ్బు తిప్పితే, బయటివాడైతే ఎంత ఇచ్చేవాడో చూసి లెక్క కడతారని నాకు తెలుసు. ఆ లెక్కన మాఫీ చేసిన గది కిరాయి కూడా జట్టు ఖర్చే అవుతుంది. అందుకని నేను తప్పు జరగలేదని వాదించలేదు. "సార్, తప్పయ్యింది. కానీ చేసింది పటేల్. పాయింట్లు మాయి. మేము ఎండల ఉరికి సంపాయించినయి. జట్టు మీద దెబ్బెందుకు? పటేల్‌ను ఈ ఏడు మైదానంకు రానియ్యకుండ్రి. ఆయనకు గంతకన్న పెద్ద శిక్ష లేదు" అన్నాను.

"బరాబర్. నన్నే బయట ఎయ్యుండ్రి" అన్నాడు పటేల్.

డ్రిల్ సారు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా" అన్నాడు. "కానీ రేపు ప్రతి జట్టు ఒక పెద్దమనిషిని ముందట నిలవెడ్తది. ఆయన ఖర్చు పెడ్తడు, ఆయనే శిక్ష పడ్తడు. కప్పు మాత్రం వీళ్లు తీస్కపోతరు. అప్పుడు క్యాంటీన్ పోరగాండ్లకు నేనేం జవాబు చెప్పాలె?"

చదివిన పేజీలన్నీ మనసులో తిరగేసుకున్నాను. ఆ ప్రశ్న వాటిలో ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే, ఆ కిరాయి మాఫీ కాకపోతే గోలీ మొక్కు అయిన వారమే వెళ్లిపోయేవాడు, మేము ఆ తర్వాతి ఆటలు గెలిచేవాళ్లం కాదు. అది నాకు తెలుసు, సారుకూ తెలుసు.

తీర్పు అయింది. గోలీ కిరాయి కట్టకుండా ఉన్న రోజుల్లో గెలిచిన పాయింట్లన్నీ పోయాయి. ఫైనల్ పోయింది. ఇక ముందు గోలీ ఆడాలంటే అందరిలాగే కిరాయి కట్టాలి.

గోడ దగ్గరికి వెళ్లి చెప్పాను. గోలీ అంతా విని, "నా వల్లనా అన్నా?" అన్నాడు.

"నీ వల్ల కాదు."

"మరి ఎవరి వల్ల?"

పటేల్ మంచితనం వల్ల అని ఎలా చెప్పను?

మరునాడు గోలీ కూలీ డబ్బులు జేబులో పెట్టుకుని పటేల్ ఇంటికి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. పటేల్ ఆ నోట్లను చూసి మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మోరి ముందట మా వరసల కూసొని తిన్నవ్. ఇయ్యాల కిరాయి ఇస్తవా?"

"పేరుకు తీస్కో పటేలా," అన్నాను నేను. "తీస్కుంటేనే ఆడనిస్తరు."

"పేరుకెట్ల తీస్కుంట? పేరుకు తినిపిచ్చిన్నా?"

లోపలి నుంచి ఆయన భార్య వచ్చి గోలీ చేతిని మూసి, నోట్లతో సహా అతని జేబు దగ్గరికి తోసింది. గోలీ తల వంచుకున్నాడు. కిరాయి ఇస్తే ఆ ఇంటికి పరాయివాడు. ఇవ్వకపోతే జట్టుకు పరాయివాడు.

నా గదికి రమ్మన్నాను. సగం సగం కట్టుకుందామన్నాను. "పటేలమ్మ ఏడుస్తది అన్నా" అన్నాడు. ఆ మాటలో హుకుం లేదు. అతను తెలుగులో అంత మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

ఆ వచ్చే ఆదివారం మైదానం చుట్టూ కట్టిన తాడుకు అవతల నిలబడి ఆట చూశాడు. వేరే కుర్రాడు గోల్‌లో ఉన్నాడు. బంతి పైకి లేచి నా తల మీదుగా వెళ్తుంటే తాడు అవతల నుంచి, "ఒదిలెయ్ అన్నా!" అని వినిపించింది. నేను అలవాటు కొద్దీ తప్పుకున్నాను. గోల్‌లో ఉన్నవాడు కదలలేదు. గోల్ అయింది. డ్రిల్ సారు విజిల్ ఊది, "బయటి నుంచి చెప్పొద్దు తమ్మీ" అన్నాడు. కోపంగా అనలేదు. గోలీ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఆట అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ వారంలోనే ఊరికి వెళ్లిపోయాడు. పటాన్‌చెరులో బస్సు ఎక్కించడానికి ఫిట్టర్ కూడా వచ్చాడు. బిస్కెట్ ప్యాకెట్లు కొనిచ్చి, "నీ మీద కాదు భాయ్, నీ మీద కాదు" అని హిందీలో పదే పదే అన్నాడు.

ఇప్పుడు క్యాంటీన్ వాళ్లు మళ్లీ వస్తున్నారు. రూలు పెద్దవాళ్లకూ చిన్నవాళ్లకూ ఒకటేనని నమ్మకం కుదిరిందట. మొన్న ఒక బలమైన జట్టును ఓడించి, గరిటెలతో పళ్లేలు వాయించుకుంటూ మైదానమంతా తిరిగారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తీర్పు అన్యాయమని నేను అనలేను. న్యాయమని అనబోతే తాడు అవతల నిలబడ్డ గోలీ గుర్తొస్తాడు. గ్రంథాలయంలో ఏదో ఒక క్లబ్బుకు పాయింట్లు కోశారన్న వార్త కనపడితే ఇప్పటికీ చివరిదాకా చదువుతాను. యజమాని ఏమన్నాడో రాస్తారు, లాయరు ఏమన్నాడో రాస్తారు. ఆ జట్టు గోల్‌కీపర్ ఆ సాయంత్రం ఎక్కడికి పోయాడో రాయరు.

గోలీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. అక్కడ ఇటుక బట్టీలో పని. మొన్న చేసినప్పుడు, "బంతి పైకొస్తే ఎవరు చెప్తుండ్రు అన్నా నీకు?" అని అడిగాడు.

"ఎవ్వలు చెప్తలేరు. తిరిగి సూసుకుంటున్న."

నవ్వాడు. "నా రూముల ఎవరున్నరు?" అన్నాడు.

"ఎవ్వల్లేరు. పటేల్ కిరాయికి ఇస్తలేడు. నీ చాప గట్లనే ఉన్నది. పటేలమ్మ ఆదివారం ఊడ్చి పోతది."

అటు పక్క ఏదో బండి వెళ్లిన చప్పుడు. తర్వాత అతని పాత గొంతు, మైదానంలో వినే గొంతు వచ్చింది.

"చెప్పు అన్నా పటేల్‌కు. కిరాయికి ఇచ్చెయ్యమను."

సరే అన్నాను. ఆ తర్వాత పటేల్ ఎన్నోసార్లు ఎదురుపడ్డాడు. గట్టు మీద నా పక్కనే కూర్చుని ఆఫ్‌సైడ్‌ను తిట్టాడు కూడా. ఆ మాట మాత్రం నేను ఇంకా ఆయనకు చెప్పలేదు.