జాలారి అతుకు

మా ఇంట్లో జాలారి, అంటే స్నానం చేసే బండ, మగ్గం గదికి ఆనుకునే ఉండేది. గద్వాలలో మా వాడలో చాలా ఇళ్లు అంతే. బండ కింద నుంచి మట్టి గొట్టాలు గోడ పక్కగా పోయి సందులోని గుంటలో కలిసేవి. ఎక్కడో ఒక గొట్టం పగిలింది. నీళ్లు నేలలో ఇంకి, నేను కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో ఊరేవి. తడి గుంటలో కూర్చుంటే కీళ్లు పట్టేస్తాయి, జరీ నల్లబడుతుంది. నాకు ముందే ముక్కు మీద కోపం. ఆ తడి చూసినప్పుడల్లా ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

అది పందొమ్మిది వందల నలభైల మొదట్లో. నా భార్యకు రెండో కాన్పయి పదిహేను రోజులైంది. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు మా ఇంట్లోనే పోశారు. మొదటి బిడ్డ నెల తిరగకుండానే పోయింది. ఈసారి ఆడపిల్ల, పిడికెడంత. పక్కింటి ముసలమ్మను బాలింతకు తోడు పెట్టి, మా అమ్మ తన చెల్లెలిని చూడటానికి వీపనగండ్ల పోయింది. ఆ వారంలోనే గొట్టాలు మార్చేద్దామని నేను పలుగు పట్టాను.

రోజంతా తెగిన పోగులు అతికేవాడికి గొట్టాలు అతకడం ఒక లెక్కా అనుకున్నాను. బండ పక్కన మోకాలి లోతు తవ్వితే మూతి కట్టిన చిన్న కుండ తగిలింది. పలుగు దెబ్బకు పగిలి, లోపల నల్లబడిన ఎరుపు కనిపించింది. కుళ్లు వాసన వచ్చింది. మా ఇళ్లలో ఎక్కడ తవ్వినా నూలు అద్దిన పాత రంగు కుండలే, వాటికీ అదే వాసన. తిట్టుకుంటూ మట్టితో పాటు ఊరి బయట పెంటలో పారేశాను. తర్వాత కొత్త గొట్టాలు ఒకదాని మూతిలో ఒకటి దూర్చి, జనపనార చుట్టి, బెల్లం నీళ్లు కలిపిన సున్నం మెత్తాను. చుక్క కారలేదు. మూడు రోజుల్లో మగ్గం గుంట ఎండింది. నా అంత మొనగాడు లేడని మీసం మెలేశాను.

నాలుగో రోజు నుంచి భార్యకు పాలు తగ్గాయి. బిడ్డ రొమ్ము పట్టి లాగి లాగి, ఏడవడానికి కూడా ఓపిక లేక వదిలేసేది. అప్పుడే జాలారిలో చప్పుడు మొదలైంది. పట్టపగలు, ఎవరూ నీళ్లు పోయని వేళ, గొట్టంలో ఒక గుటక. కాసేపు ఆగి మళ్లీ గుటక.

“జర ఇనుండ్రి, గొట్టం తాగుతున్నది,” అంది భార్య. “నా బిడ్డ తాగేది అదే తాగుతున్నది.”

“గాలి ఆడక గట్ల చప్పుడైతది. నీకు ఉత్త భయం,” అని కసిరాను. కసిరానే గానీ, ఆ బండ మీద స్నానం మానేసి బావి దగ్గరికి పోవడం మొదలుపెట్టాను.

అమ్మ తిరిగి వచ్చి, ఎండిన నేల చూసి నెత్తి కొట్టుకుంది. “ఏందిరా గిట్ల చేసినవ్? మాయ కుండ గీడనే పాతినం. బాలింత నీళ్లతోని అది తడుస్తుంటెనే పాలు ఆరవు. నువ్వు గా నీళ్లు బందు వెట్టినవ్.”

కాన్పులో బిడ్డ వెంట వచ్చే మాయను పాతడం ఆడవాళ్ల పని. ఎక్కడ పాతారో మగవాళ్లకు చెప్పరు, మేమూ అడగం. పెంట దగ్గరికి పరుగెత్తాను. కుండ పెంకులు ఉన్నాయి, లోపలిది లేదు. చుట్టూ మట్టి కుక్కలు కెలికినట్టు ఉంది.

“నిలబడి చూస్తవేంది? గా అతుకు ఊడదియ్, కింద మాయ ఎండిపోతది,” అంది అమ్మ, నేను ఇంటికి రాగానే. కుండ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. గడప దగ్గర భార్య బిడ్డను ఎత్తుకుని నా మొహమే చూస్తోంది. నోరు మూసుకున్నాను. సున్నం చెక్కి, నార లాగి, అతుకు దగ్గర సందు చేశాను.

ఆ మధ్యాహ్నం ఆమె బండ మీద చెంబెడు నీళ్లు పోసింది. నిలవకుండా నేలలోకి పోయాయి. గుటక వినిపించింది. ఈసారి గొట్టంలో కాదు, మట్టి లోపల. ఆమె నవ్వింది. రెండు రోజులకు పాలు వచ్చాయి. మగ్గం గుంట మాత్రం మళ్లీ తడవలేదు. అన్ని నీళ్లు ఎటు పోతున్నాయని ఇంట్లో ఎవరూ అడగలేదు.

బిడ్డ బతికింది. పాలు మానిన తర్వాత కూడా నా భార్య రోజూ ఒక చెంబు అక్కడ పోసేది. కింద ఏమీ లేదని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి చెప్పలేదు. చెప్తే ఆమె నీళ్లు పోయడం మానేస్తుంది. మానేస్తే, ఇన్నాళ్లూ అక్కడ తాగుతున్నది దాహంతో ఎవరి దగ్గరికి వస్తుందోనని నా భయం.