తువ్వాలు వేసిన కుర్చీ

మదనపల్లెలో మా నాయన ఉంటున్న హోమ్‌లో అందరూ మతిమరుపు ముదిరినవాళ్లే. టిఫిన్ తిన్న అరగంటకు "ఈ పొద్దు ఇడ్లీ ఎగ్గొట్టినారు" అని తగువుకు దిగే హెడ్మాస్టరు గారొకరు. తలకు నూనె పెట్టించుకున్న సంగతి మరిచి, కనిపించిన ప్రతి ఆయమ్మ ముందూ జుట్టు విప్పుకొని కూర్చునే ముసలామె ఒకామె. మధ్యాహ్నానికి ఆమె దిండు పిండితే దీపం పెట్టుకోవచ్చు. అలాంటివాళ్లు కూడా ఒక్క నియమం మాత్రం మరవలేదు. తువ్వాలు వేసిన సీటులో ఎవరూ కూర్చోరు.

ఆ నియమానికి మా నాయన పెద్దదిక్కు. ఓపికున్నన్నాళ్లూ సంతలు తిరిగి రవిక గుడ్డలు అమ్మిన మనిషి. నేను పుంగనూరులో కాలేజీ చదివే రోజుల్లో పొద్దున్నే నాతో బస్టాండుకు వచ్చేవాడు. బస్సు ఇంకా నిలవకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి నాకు సీటు పట్టేవాడు. తోటి ఆడపిల్లల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇప్పుడు వరండాలో కూర్చుని, పక్క కుర్చీలో తువ్వాలు వేసుకుంటాడు. నేను ప్రతి ఆదివారం కుప్పం నుంచి బయల్దేరి, పుంగనూరులో బస్సు మారి వస్తాను. కూర్చోబోతే చెయ్యి అడ్డం పెడతాడు.

"ఈడ మనిషుండాదమ్మా. మా పాప వస్తాండాది."

"నేనే నాయనా మీ పాపను."

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మా పాప కాలేజీలో సదువుతాండాది" అన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి నా నెరిసిన జుట్టు ఊసెత్తలేదు.

వారం వారం స్తంభానికి ఆనుకుని నిలబడడమే నా పని. కాళ్ల నొప్పి కన్నా ఉక్రోషం ఎక్కువ. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆయన పక్కన కూర్చుని, పావుగంట ఆ చెయ్యి పట్టుకోవాలి. దానికి అడ్డు నేనే అయితే ఎవరితో పోట్లాడేది?

ముల్లును ముల్లుతోనే తీద్దామనుకున్నాను. ఒక ఆదివారం మొదటి బస్సుకే వచ్చి, ఆయన స్నానానికి పోయినప్పుడు ఆ పక్క కుర్చీలో నా కర్చీఫ్ వేసి పెట్టాను. వచ్చాడు, చూశాడు. కర్చీఫ్‌ను వేలితో కూడా తాకలేదు.

"ఎవురో పట్టుకోనుండారు" అని ఆయమ్మతో చెప్పి, వరండా ఆ చివరకు పోయాడు. అక్కడ రెండు కుర్చీలు చూసుకుని, ఒకదాంట్లో తను కూర్చుని, రెండోదాంట్లో తువ్వాలు వేశాడు. పట్టిన సీటు దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తాతకు దగ్గులు నేర్పబోతివే అక్కా" అంది.

మొన్నటి ఆదివారం బస్సులో కాలు పెట్టే సందు లేదు. వచ్చి ఎప్పటిలాగే స్తంభం దగ్గర నిలబడ్డాను. నాయన నా వాచిన పాదాలకేసి చూస్తున్నాడు.

"బస్సులో సీటు దొరికిందామ్మా?"

"లేదు. పుంగనూరు నుంచి నిలబడే వచ్చినా."

ఆయన మొహం చిన్నబోయింది. "సీటు పట్టేదానికి నీకు ఎవురూ లేరా?"

లేరన్నట్టు తల ఊపాను. ఆ అబద్ధానికి ఏడుపొచ్చింది.

ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. "కూసో. మా పాప వస్తే లేద్దువులే."

కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను, ఆయన వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి గేటు చప్పుడైంది. ఇద్దరం ఒకేసారి అటు చూశాం. పాప వస్తే బాగుండునని ఆయన చూస్తున్నాడు. ఆ పిల్ల ఇంకో పావుగంట రాకుండా ఉంటే చాలని నేను మొక్కుకున్నాను.