ఐజాక్ ఫియరన్ వాన జాకెట్ విషయమై

పేరు ఐజాక్ ఫియరన్. వయసు అరవై ఎనిమిది. వృత్తి సున్నం లేకుండా రాతిగోడలు కట్టడం. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకున్న రోజున మాత్రమే. ఆయనను నేను ఎరిగి నలభై ఒక్క సంవత్సరాలు. అందులో ఇరవై ఆరు సంవత్సరాలు మన స్కార్‌బెక్ కొండ పరుగు సంఘానికి కార్యదర్శిగా ఉండి ఎరుగుదును. కనుక ఈ క్రింది సంగతులు చాలావరకు నేను చూసినవే. చూడనివి ఎవరు చెప్పారో అక్కడే పేర్కొన్నాను.

మన పరుగును ముప్పైసార్లు పూర్తిచేసినవారి పేరు హాలులోని పలకరాతిమీద చెక్కిస్తాము. ఆ రాయిని కొండనుంచి దించి, నునుపుచేసి, గోడలో నిలిపింది ఐజాకే. ఇప్పటికి దానిమీద నాలుగు పేర్లున్నాయి. నిరుడు అక్టోబరు పరుగుకు ముందే ఆయన ఇరవై తొమ్మిదిసార్లు పూర్తిచేసి ఉన్నారు.

నిరుడు వసంతంలో ఆయన పాత జాకెట్ కుట్లమీది పట్టీ ఊడిపోయింది. టోపీ ఉండి, కుట్లన్నిటికీ లోపల పట్టీ అంటించిన, నీరు చొరని జాకెట్‌ను ప్రతివారూ బయలుదేరేటప్పుడూ చేరినప్పుడూ చూపవలెనని మన ఏడవ నియమం. ఈ వాక్యాన్ని అధ్యక్షులు క్లైవ్ హార్‌గ్రీవ్స్ గారు మూడు సమావేశాలలో రచించారు. చూపవలెనని ఉందే తప్ప తొడగవలెనని అందులో లేదు.

అందువల్ల మన సభ్యులు జాకెట్ కొనే పద్ధతి వేరు. దుకాణంలో దాన్ని ఒంటికి తొడిగి చూడరు. మడిస్తే పిడికిట్లో ఇముడుతుందా అని చూస్తారు. హార్‌గ్రీవ్స్ గారిది రెండు కోడిగుడ్ల బరువు కూడా లేదు. నాలుగేళ్ళుగా అది సంచిలోంచి తనిఖీ బల్లమీదికి, బల్లమీదినుంచి సంచిలోకి తప్ప మరే ప్రయాణమూ చేయలేదు. పరుగు మధ్యలో ఆగి తొడుక్కుంటే అర నిమిషం పోతుంది, అర నిమిషంలో నలుగురు దాటిపోతారు. కనుక వాన ఎంత కురిసినా అందరూ తడుస్తారు, జాకెట్లు మాత్రం సంచుల్లో పొడిగా ఉంటాయి.

ఐజాక్ మాత్రం వానలో తొడుక్కోవడానికే జాకెట్ కావాలని పట్నం దుకాణానికి వెళ్ళారు. నేనూ తోడు వెళ్ళాను.

"ఇది రోజుకి ఇరవై వేల గ్రాముల చెమటని ఆవిరి చేసి బయటికి పంపేస్తుంది సార్," అన్నాడు అమ్మకందారు.

"ఇరవై కిలోలా? అంత పోయాక లోపల నేనేం మిగుల్తాను బాబూ?"

"అది ల్యాబు లెక్క సార్. చదరపు మీటరుకి."

"ల్యాబులో ఎవరన్నా కొండెక్కారా?"

"లేదు సార్. గిన్నెలో నీళ్ళుపోసి పైన ఈ బట్ట బిగిస్తారు."

"అయితే ఆ గిన్నెకే అమ్ము."

ఇలా అన్నప్పటికీ ఆయన వట్టిచేతులతో రాలేదు. నచ్చనివి తిరిగి ఇచ్చే పూచీమీద మూడు జాకెట్లను ఇంటికి తెచ్చారు. పూచీ సంతకం నాది. కుండపోతగా కురిసిన మూడు రోజులు ఎంచుకుని, ఒక్కొక్క జాకెట్ కింద అదే చొక్కా తొడిగి, పై గొర్రెలదొడ్డి గేటుదాకా పరుగెత్తి తిరిగివచ్చారు. వెళ్ళేముందూ వచ్చాకా ఆ చొక్కాను ఆయన అక్క డైనా పిండి తూచే వంటింటి త్రాసుమీద తూచింది. మొదటి జాకెట్‌లో వాన చుక్క రాలేదు గాని, చెమటతో చొక్కా రెండు వందల పది గ్రాములు పెరిగింది. పిడికిట్లో ఇమిడే రెండవదానిలో చెమట నిలవలేదు. భుజాలమీదుగా వాన దిగి, నూట తొంభై పెరిగింది. మూడవది బిరుసు బట్ట, టోపీకి ముందు చూరు, చంకల క్రింద తెరుచుకునే జిప్పులు. దానిలో తొంభై.

"ఒరేయ్, ఇంకా నాలుగోది కూడా ఉందా?" అని డైనా అడిగింది. "ఏది తొడుక్కున్నా పిండేది నేనే కదా. లోపలి నీళ్ళో బయటి నీళ్ళో, బకెట్‌కి తెలుస్తుందా?"

"బకెట్ పరుగెత్తదు కదక్కా."

"నువ్వూ మానెయ్. ఒక్క గ్రామూ పెరగదు."

ఆయన మూడవదానినే ఎంచుకున్నారు. అది మొత్తం మూడు వందల ఎనభై గ్రాములు. ఆ శుక్రవారం బీరుకొట్టులో దాన్ని చూసి హార్‌గ్రీవ్స్ గారు, "ఏమోయ్ ఐజాక్, గుడారం కొన్నావా? వంటచెరకు కూడా మోసుకొస్తావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్లు ఒప్పుకుంటున్నాను.

"తడవకూడదని కొన్నాను," అన్నారు ఐజాక్.

"జాకెట్ కొనేది తనిఖీకయ్యా, వానకి కాదు."

"ఆ సంగతి వానకి చెప్పావా?"

అక్టోబరులో పరుగునాడు ఎంత వాన కురిసిందో సభ్యులకు గుర్తుండే ఉంటుంది. శిఖరంమీద జరిగినదాన్ని అక్కడ కాపలా ఉన్న ఇద్దరు పర్యవేక్షకులు నాకు వ్రాతమూలకంగా ఇచ్చారు. హార్‌గ్రీవ్స్ గారు వణుకు ఆగక, నాలుగేళ్ళలో మొదటిసారి తమ జాకెట్‌ను తొడుక్కోవడానికి సంచిలోంచి తీశారు. ధర చీటీ దానికింకా వేలాడుతోంది. ఒక చెయ్యి దూర్చగానే గాలి పట్టి భుజం దగ్గర చిరిగింది. రెండవ చెయ్యి దూర్చేలోగా వెనుక భాగం పక్క లోయలోకి వెళ్ళిపోయింది. వెనుకనే వచ్చిన ఐజాక్ తమ జాకెట్ విప్పి ఆయనకు తొడిగి, గడ్డందాకా జిప్పు లాగారు.

"మరి నీకో?" అన్నారట అధ్యక్షులు.

"నేను పరుగెత్తుతున్నానుగా, వేడి పుడుతుంది. నువ్వు చాలాసేపట్నించీ నడుస్తున్నావు క్లైవ్."

ఐజాక్ క్రిందికి చేరేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. తనిఖీ బల్లవద్ద జాకెట్ ఏదని అడిగారు.

"కొండమీద, అధ్యక్షుడి ఒంటిమీద."

"ఎవరి ఒంటిమీద ఏముందో మాకెందుకు తాతా? నీది చూపించు."

చూపలేకపోయారు. నలభై నిమిషాల తరువాత హార్‌గ్రీవ్స్ గారు నడిచివచ్చి జాకెట్ చూపారు. టోపీ ఉంది, కుట్లకు పట్టీ ఉంది. ఆయన పరుగు పూర్తిచేసినట్లు నమోదయింది.

ఏడవ నియమం ప్రకారం ఐజాక్ పరుగు చెల్లదని తెలిపే ఉత్తరాన్ని శుభ్రప్రతి వ్రాసింది నేనే. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఆ సాయంత్రం వాన కురుస్తున్నందున అధ్యక్షులవారు అదే జాకెట్‌లో వచ్చి సంతకం చేశారు. వారు ఎక్కడా తడవలేదని కూడా నేను గమనించాను.

ఏడాది గడిచింది. జాకెట్ తిరిగి అడగమని డైనా పోరుతూనే ఉంది. "చలికి వణికేవాడికి తొడిగి, మళ్ళీ వెళ్ళి విప్పమంటానా?" అని ఐజాక్ జవాబు. గత నెల మళ్ళీ దుకాణానికి వెళ్ళారు. ఆ రకం ఇప్పుడు తయారుచేయడం లేదట. దాని స్థానంలో వచ్చినది పిడికిట్లో ఇముడుతుంది. ఆయన ఏమీ కొనకుండా తిరిగివచ్చారు. ఈ ఏడాది కొండ దిగేటప్పుడు మోకాలు నిలుస్తుందని, వచ్చే ఏడాది సంగతి తాను చెప్పలేనని వైద్యురాలు అన్నట్లు డైనా నాతో చెప్పింది.

కాబట్టి సర్వసభ్య సమావేశానికి నా విన్నపం. పైన చెప్పిన ఐజాక్ ఫియరన్ గారి నిరుటి పరుగును చెల్లినట్లు నమోదుచేసి, ఆయన పేరును పలకరాతిమీద చెక్కించవలసిందిగా కోరుతున్నాను. నియమం అందుకు అడ్డమని సమావేశం భావించినట్లయితే, ఆయన ముప్పయ్యవసారి మళ్ళీ పరుగెత్తవలసి ఉన్నందున, మూడు వందల ఎనభై గ్రాముల ఆ జాకెట్‌ను అధ్యక్షులవారి వద్దనుంచి రప్పించి, ఈ ఏటి పరుగునాడు, అనగా పధ్నాలుగవ తేదీ శనివారం ఉదయం తొమ్మిది గంటల తనిఖీకి ముందుగా ఆయనకు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఆనాడు అధ్యక్షులవారు ఏ జాకెట్ చూపుతారో కూడా ముందుగా తెలియజేస్తే, నమోదు పుస్తకంలో చోటు వదిలి ఉంచుతాను.