హీటర్ పనిచేసిన చలికాలం

మా ఆవిడకి వారం వారం డయాలసిస్. అరకు నుంచి విశాఖపట్నం దిగాలంటే తెల్లవారకముందే బయలుదేరాలి. స్వెట్టరు మీద స్వెట్టరు వేసి పైన రగ్గు కప్పినా, అనంతగిరి దాటేదాకా ఆమె పళ్ళు టకటకలాడుతూనే ఉండేవి.

మాది పాత కారు. మైదానంలో ఎవరో వాడి వదిలించుకుంటే కొన్నాను. హీటర్ నాబ్‌ని ఎర్రగీత వైపు ఎంత తిప్పినా చల్లగాలే కొట్టేది. విజయనగరంలో మెకానిక్‌కి చూపిస్తే నవ్వాడు.

"హీటరేటి బాబూ, ఇక్కడ ఉక్కకి సస్తంటే!"

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఆమెకి పనికొచ్చినా బాగుండేది.

చివరికి ఒక ఆదివారం నేనే బానెట్ ఎత్తాను. ఇంజను కాసేపు నడిపి, హీటర్‌కి వేడినీళ్ళు వెళ్ళే గొట్టాన్ని పట్టుకుని చూశాను. సగం దాకా చెయ్యి కాలుతోంది, ఆ తర్వాత చల్లగా ఉంది. మధ్యలో చిన్న ట్యాప్. వేసవిలో వేడిగాలి లోపలికి వస్తోందని కాబోలు, పాత ఓనరు దాన్ని మూయించి బైండింగ్ వైరుతో గట్టిగా కట్టించాడు. నాబ్ నుంచి వచ్చే కేబుల్ ఊడి పక్కన వేలాడుతోంది. ఇన్నాళ్ళూ నేను తిప్పిన నాబ్ దేన్నీ కదపలేదన్నమాట. చలి ఎరగని వాళ్ళని ఏమంటాం అనుకుంటూనే నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఏటండీ, ఎవుల్ని తిడతన్నారు?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"నీకు తెలీనోళ్ళనిలే."

"అలాగైతే తిట్టండి."

వైరు కోసి, తుప్పుపట్టిన ట్యాప్‌లో కిరోసిన్ పోసి, అటూ ఇటూ కదిపి వదులు చేశాను. కేబుల్ తగిలించాను.

ఆ తర్వాతి ప్రయాణంలో వేడిగాలి తగలగానే ఆమె మేజోళ్ళు విప్పేసింది. "పొయ్యి కాడ కూకున్నట్టుందండీ" అంటూనే నిద్రలోకి జారిపోయింది. కారులో ఆమె నిద్రపోవడం అదే మొదలు. ఆమె లేవకుండా గుంతలు తప్పిస్తూ నడపడం నాకెంత సంబరంగా ఉందో చెప్పలేను.

ఆ సుఖం ఎన్నాళ్ళో దక్కలేదు. చలికాలం పోకముందే, డయాలసిస్ మంచం మీదే ఆమె గుండె ఆగిపోయింది. ఆసుపత్రివాళ్ళు వేరే బండి మాట్లాడతామన్నారు. నాకు మనసొప్పలేదు, మా కారులోనే తీసుకొచ్చాను. ఆమె తమ్ముడు వెనక సీట్లో అక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లలున్నవాడు, చంటివాడిలా ఏడుస్తున్నాడు. ఘాట్ ఎక్కేసరికి మంచు కమ్ముకుంది.

"అక్క ఒళ్ళంతా సల్లబడిపోనాది బావా. హీటరెయ్యి."

నా చెయ్యి నాబ్ దాకా వెళ్ళి ఆగింది. పాచిపెంట నుంచి ఆమె పుట్టింటివాళ్ళంతా వచ్చి కడసారి చూసుకోవాలి. అందాకా ఒళ్ళు చెడకుండా ఆమెని ఉంచాలి. వేడి తగలకూడదు. ఆ మాట వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"హీటరు పాడైందిరా" అని, ఏడుస్తూ కిటికీ అద్దాలు దించేశాను.